పేర్లు అడగొద్దక్కా

కోడంబాక్కం,
11 జూన్ 2024

అక్కా,

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, కొరియరా సార్ అనింది. కాదమ్మా, మా అక్కకు మామూలు ఉత్తరం అన్నాను. పాపం అనుకునింది కాబోలు, గోంద్ డబ్బా తనే తీసి ఇచ్చింది.

ఫోనుండగా ఇదేం పని అంటావు. ఫోన్‌లో నేనేం చెప్పినా నువ్వు వినేది నా మాటలు కాదు. తాగి మాట్లాడుతున్నానా లేదా అని చెవితోనే వాసన చూస్తుంటావు. నీ తప్పేం లేదు. పాతికేళ్లుగా డబ్బింగ్ చెప్పి బతుకుతున్నవాణ్ణి. సీరియల్లో తాగుబోతులకు గొంతివ్వడం నా ఉద్యోగం, ఇంట్లో తాగి తాగని గొంతు పెట్టడం నా అలవాటు. వర్షిణి నీ దగ్గరికొచ్చిన రోజు ఏమందో నువ్వే చెప్పావు. నాన్నది అద్దె గొంతు అత్తా, ఎవరికి కావాలంటే వాళ్లకిస్తాడు అందట. ఆ మాట నన్ను వదలడం లేదు. కాగితానికి గొంతుండదు కదా, అందుకని రాస్తున్నాను.

డిగ్రీ ఆఖరి పరీక్ష రోజు పొద్దున్నే తాగి, కన్నకూతుర్ని బండి మీద ఎక్కించుకుని, బ్రిడ్జి దిగేచోట పడేసినవాణ్ణి. మోచెయ్యి గీరుకుపోయినా అది ఆటో ఎక్కి పోయి పరీక్ష రాసింది. సాయంత్రం ఇంటికి రాకుండా మీ ఊరి బండెక్కింది. దాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి అక్కా. నాకింకేం అక్కర్లేదు.

లోకల్ ట్రైన్లో ఒక స్టిక్కర్ కనబడింది, తాగుడు మానాలనుకునేవాళ్లు ఈ నంబరుకు ఫోన్ చెయ్యండని. వారం రోజులు ఆ పెట్టె ఎక్కడమే మానేశాను. తర్వాత చేశాను. ఏ ఏరియా సార్ అన్నాడొకాయన. కోడంబాక్కం అంటే, అదృష్టవంతులు, స్టేషన్ వెనకే బుధవారం మీటింగుంది అన్నాడు. స్టూడియో వాళ్లంతా తిరిగే వీధి. ఇంకాస్త దూరంగా లేదా అన్నాను. సైదాపేట చెప్పాడు. ఇంకా దూరం అన్నాను. ఆయన నవ్వి, సార్, ఇంకా దూరమంటే సముద్రమే అన్నాడు. చివరికి వాషర్‌మెన్‌పేట్‌లో ఒక బడిలో ఆదివారం సాయంత్రం ఒకటుందని చెప్పాడు. అక్కడ నన్నెరిగినవాడు లేడు.

మొన్న ఆదివారం వెళ్లాను. గేటు దాకా వెళ్లి, ఎదురుగా టీ తాగి, వచ్చేశాను. ఈ ఆదివారం లోపలికి వెళ్తాను. వర్షిణికి ఇదంతా చెప్పకు. లేదా చెప్పు, నీ ఇష్టం.

తమ్ముడు
ఫణి

*

నెల్లూరు,
24 జూన్ 2024

చిరంజీవి ఫణికి,

నీ ఉత్తరం బావ చేతికి ముందు చిక్కింది. మీ తమ్ముడు అచ్చం మీ నాన్నలాగే సున్నాలు చుడతాడే అన్నారు. ఆయనకు మోకాలి నొప్పి తగ్గలేదు కానీ వాకిట్లో గ్రిల్లుకు రంగు తనే వేస్తానని పట్టుబట్టి, సగం గ్రిల్లుకు, సగం తనకు పూసుకున్నారు.

వర్షిణికి ఉత్తరం చూపించాను. చదవలేదు. టీవీ మీద పెట్టింది. పారెయ్యలేదు కాబట్టి నువ్వు సంతోషపడొచ్చు. పక్కవీధి స్కూల్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్తోంది. తిండి తింటోంది. నీ పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది.

నాకు ఈ మీటింగుల సంగతి అర్థం కాలేదు. తాగేవాళ్లంతా ఒకచోట చేరితే తాగుడు ఎలా పోతుందిరా? మందిచ్చే డాక్టరుంటాడా? ఎవరెవరు వస్తారు, మనవాళ్లెవరైనా ఉన్నారా, అన్నీ రాయి. అది చర్చి వాళ్ల బడా, సర్కారు బడా?

ఇవన్నీ ఎందుకు? ప్రతి కార్తీకంలో నువ్వు అయ్యప్ప మాల వేసుకుంటావు. వేసుకున్నన్నాళ్లూ బంగారంలాంటి మనిషివి. ఈసారి కాస్త ముందే వేసుకో. ఇరుముడి ఖర్చు అక్కది.

మరదలు ఆరతిని అడిగానని చెప్పు.

అక్క
మృణాళిని

*

కోడంబాక్కం,
20 జూలై 2024

అక్కా,

లోపలికి వెళ్లాను. అది చర్చి వాళ్ల నర్సరీ బడి. మేం కూర్చునేది యూకేజీ గదిలో. ఆ బెంచీల మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. గోడ మీద ఏనుగు, ఒంటె, కోడిపుంజు బొమ్మలు. డాక్టరు లేడు, మందు లేదు, ఉపదేశం లేదు. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, నేను తాగుబోతును అని, తమ సంగతి చెప్పుకుని కూర్చుంటారు. మిగతావాళ్లు వింటారు. అంతే. చివర్లో టీ, బిస్కెట్టు. ఇవ్వాళ ఒక్కరోజు తాగకుండా ఉందాం, రేపటి సంగతి రేపు అనుకుని లేస్తారు. ఇంత సులువైనదానికి పోయి నేను గేటు దగ్గర వణికాను.

మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు ఏం చేశానో చెప్తే నవ్వుతావు. నటించేశాను. అలవాటు కదా. ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికింది, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాను. ఎదురుగా ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. టీ దగ్గర ఒక పెద్దాయన నా పక్కకొచ్చి, "చాలా బాగా సెప్పినారు సార్. వచ్చే వారం ఇంత బాగా సెప్పొద్దు" అన్నాడు. దారి పొడుగునా సిగ్గుతో చచ్చాను. మరుసటి వారం బండి మీదనుంచి వర్షిణిని పడేశానని చెప్పి, ఆ తర్వాత మాట రాక కూర్చున్నాను. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. అదే నయం అనిపించింది.

ఎవరెవరు వస్తారని అడిగావు. పేర్లు అడగొద్దక్కా. ఆ గదికి ఎవరొచ్చారో, ఏం చెప్పారో బయట చెప్పకూడదు. నా సంగతి నేను చెప్పుకోవచ్చు, ఇంకొకరిది చెప్పకూడదు. ఆ ఒక్క నమ్మకం మీదే అందరూ వస్తారు. నేనూ దాని మీదే వెళ్లాను.

మాల సంగతి. ఈ ఏడు వేసుకోను. కోపం తెచ్చుకోకుండా చదువు. స్వామి మీద భక్తి తగ్గి కాదు. మాల వేసిన రోజునుంచీ అది తీసే రోజు కోసం లెక్కపెట్టేవాణ్ణి. కొండ దిగి ఊరు చేరకముందే సీసా చేరేది. నీకూ తెలుసు, నువ్వే రెండుసార్లు చూశావు. తీసే రోజు లేని మాల కావాలి నాకు.

ఆరతి ఇంకా నాతో పెద్దగా మాట్లాడదు. కానీ ఆదివారం సాయంత్రం ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీ మీద ఉంటోంది.

ఫణి

*

నెల్లూరు,
18 నవంబర్ 2024

ఫణీ,

రాయకూడదనే ఇన్నాళ్లూ రాయలేదు. మాల వేసుకోనని రాశావే, ఆ ఉత్తరం చదివి వారం రోజులు నాకు అన్నం సయించలేదు. మన నాన్న వేసుకున్న మాల. మూడు తరాలుగా మద్రాసులో ఉన్నా మనింట్లో ఆ అలవాటు తప్పలేదు. నీకు ఆ యూకేజీ గది ఎక్కువైపోయింది. తాగడానికి దారి ఉంచుకోవడానికే వద్దంటున్నావని బావతో అన్నాను. తొందరపడకు అన్నారు ఆయన. ఆయనకేం, గ్రిల్లుకు రెండో కోటు వేసుకుంటున్నారు.

వెంకటాచలం అన్న మొన్న ఇటు వచ్చాడు. పెదనాన్న కొడుకైనా మనకు సొంత అన్న కంటే ఎక్కువ. టి. నగర్‌లో అంత పెద్ద బట్టల కొట్టు పెట్టుకుని, సాయంత్రమైతే గుళ్లో కూర్చునే మనిషి. తాగినవాడి నీడ సోకినా స్నానం చేస్తాడు. వాళ్లింటి పెళ్లిలో అందరి ముందూ నిన్ను చెడామడా తిట్టి మండపం నుంచి పంపించేశాడని నీకు కోపం ఉండొచ్చు. నీ మంచికే తిట్టాడు. నువ్వు మాల వేసుకోలేదని తెలిసి తల పంకించాడు.

ఒక మంచి సంగతి. టి. నగర్‌లో ఒక స్కూల్లో ఉద్యోగానికి వర్షిణి అర్జీ పెట్టింది. వస్తే జూన్‌లో చేరాలి. ఎక్కడుంటావే అని అడిగితే చూద్దాంలే అత్తా అంది. ఇదివరకైతే హాస్టల్ అనేది. టీవీ మీది ఉత్తరాలు చదివినట్టుంది. "ఒంటె బొమ్మ ఉండే గదిలో పెద్దోళ్లు కూర్చుంటారా?" అని అడిగింది, నీ పేరెత్తకుండా.

దీన్ని చెడగొట్టుకోకు.

అక్క

*

కోడంబాక్కం,
19 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరంలో ఒంటె బొమ్మ దగ్గర ఆగి మూడుసార్లు చదువుకున్నాను. ఆరతికి చదివి వినిపించాను. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

నేను తాగలేదు. నమ్మమని అడగను, రాస్తున్నాను అంతే. డిసెంబర్ వానల్లో ట్రైన్లు ఆగిపోయిన ఆదివారం మాత్రం తాగాలని ప్రాణం లాగేసింది. మీటింగు లేదు, ఆరతి పుట్టింట్లో ఉంది, వీధి చివర కొట్టు తెరిచే ఉంది. దూరం దూరం అని పోయినవాణ్ణి, ఆ తర్వాతి బుధవారం మన స్టేషన్ వెనక మీటింగుకే వెళ్లాను. ఎవరు చూస్తే ఏమైంది? చూసినవాడు కూడా లోపలికి వచ్చినవాడే కదా.

ఇప్పుడు వాషర్‌మెన్‌పేట్‌లో టీ పని నాది. పాలు, చక్కెర కొనుక్కుని ముందే వెళ్లాలి. ఇంట్లో గ్లాసు కడగని మనిషి అక్కడ ఫిల్టరు తోముతున్నాడని ఆరతికి చెప్తే, మొదటిసారి నవ్వింది.

వర్షిణి గదిలో ఫ్యాను మార్పించాను. దానికి చెప్పొద్దు. ఉద్యోగం వచ్చిందా?

ఫణి

*

నెల్లూరు,
28 ఫిబ్రవరి 2025

ఫణీ,

ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్దామని కాగితం తీసిన రోజే వెంకటాచలం అన్న ఫోన్ చేశాడు.

పోయిన ఆదివారం సాయంత్రం వాషర్‌మెన్‌పేట్‌లో వైన్‌షాపు ముందు నిన్ను చూశాడట. హోల్‌సేల్ చీరలు చూడ్డానికి అటు వెళ్లాడట. ఎవడితోనో భుజాల మీద చేతులేసుకుని, ఇద్దరూ ఊగుతూ ఆటో ఎక్కారట. చెప్పడానికి నోరు రాలేదమ్మా, కానీ ఆడపిల్లను ఆ ఇంటికి పంపే ముందు నీకు తెలియాల గదా అన్నాడు.

అక్కడికి వెళ్లలేదని ఒక్క ముక్క రాయి. వెళ్తే ఆ రెండోవాడు ఎవడో రాయి. వాణ్ణి నేనే అడుగుతాను.

అక్క

*

కోడంబాక్కం,
5 మార్చి 2025

అక్కా,

ఆ షాపు ముందు ఉన్న మాట నిజం. ఒక మనిషి భుజం కింద చెయ్యేసి ఆటో ఎక్కించిన మాట నిజం. నేను తాగలేదు. మీటింగు నుంచి స్టేషన్‌కు పోతుంటే ఆ మనిషి మెట్ల మీద పడి ఉన్నాడు. లేపి, ముఖం కడిగి, వాళ్ల వీధి చివర దింపి వచ్చాను.

ఆయన ఎవరో మాత్రం రాయను. పేరు రాస్తే నువ్వు ఆ క్షణంలోనే నన్ను నమ్ముతావు, నాకు తెలుసు. వర్షిణి వచ్చేస్తుంది. రెండు రోజులుగా పెన్ను పట్టుకుని ఆ ఒక్క పేరు దగ్గరే కూర్చున్నాను. ఆటోలో ఆయన నా చెయ్యి వదల్లేదక్కా. మా గది సంగతి చెప్తే విన్నాడు. వస్తాననలేదు, రాననలేదు. నేనిప్పుడు పేరు బయటపెడితే ఇంక ఈ జన్మలో ఆ గేటు తొక్కడు.

వెంకటాచలం అన్నను ఏమీ అనొద్దు. నా మీద కోపంతో ఆయన్ని గుచ్చి గుచ్చి అడగొద్దు.

ఫణి

*

నెల్లూరు,
14 మార్చి 2025

ఫణీ,

నీకు డబ్బింగ్ సీన్లు రాసిచ్చేవాళ్లు కూడా ఇంత బాగా రాయరు. కాగితానికి గొంతుండదన్నావు. ఉందిరా.

పేరు లేని మనిషి ఎక్కడైనా ఉంటాడా? అన్నను అడగొద్దంటున్నావంటే అడిగితే ఇంకా ఏం బయటపడుతుందో అని భయం. ఏమీ అడగనులే.

స్కూలు దగ్గర్లో ఆడపిల్లల హాస్టల్ ఉందట. దానికి డబ్బు కట్టమని బావకు చెప్పాను. నీ ఉత్తరం వర్షిణి చదివింది. అది మళ్లీ నీ దగ్గరికి రాదు, నేను పంపను. నా మీద కోపం ఉంటే ఉండనీ.

అక్క

*

కోడంబాక్కం,
31 మార్చి 2025

అక్కా,

నీ మీద కోపం లేదు. నీ చోట నేనున్నా హాస్టల్‌కే కట్టేవాణ్ణి.

నీ ఉత్తరం వచ్చిన రోజు షర్టు తొడుక్కుని వీధి చివర కొట్టు దాకా వెళ్లిన మాట దాచను. కొట్టు ముందు నిలబడి వాషర్‌మెన్‌పేట్ పెద్దాయనకు ఫోన్ చేశాను. కూతురు రాదట సార్, ఇంక ఎవరి కోసం మానాలి అన్నాను. ఆయన నన్ను ఓదార్చలేదు. ఈరోజు గురువారం, ట్రిప్లికేన్‌లో ఆరు గంటలకు మీటింగుంది, బస్సు పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను.

మా గదికి ఒక కొత్త మనిషి వస్తున్నారు. మూడు వారాలుగా ఆఖరి బెంచీలో కూర్చుని, నోరు విప్పకుండా వెళ్లిపోతున్నారు. టీ ఇస్తే చెయ్యి వణుకుతుంది. సగం గ్లాసే పోస్తున్నాను, ఒలకకుండా.

వర్షిణికి హాస్టల్లో దోమలుంటాయి, తెర కొనిపెట్టు.

ఫణి

*

నెల్లూరు,
29 ఏప్రిల్ 2025

నా తమ్ముడు ఫణికి,

ఈ ఉత్తరం ఇది నాలుగోసారి రాయడం. బావ పక్కన కూర్చుని, ముందు జరిగింది రాయి, ఏడుపు తర్వాత ఏడవచ్చు అంటున్నారు.

హాస్టల్‌కు డబ్బు కట్టే రోజు వర్షిణి బావ చేతిలోంచి చెక్కు తీసుకుని బల్ల మీద పెట్టింది. "అత్తా, ఒక మాట అడుగుతా. మా నాన్నను నాలుగొందల మంది ముందు తిట్టిన మనిషి గదా పెదనాన్న. రోడ్డు మీద తాగి కనబడితే చూసి ఊరకే పోతాడా? ఆడనే నిలబెట్టి తిట్టడా?" అంది. అంత చిన్న సంగతి నాకు తోచలేదు చూడు. అన్న మాట అనగానే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. అయినా నేను ఆయనకు ఫోన్ చెయ్యలేదు. నువ్వు అడగొద్దన్నావు కదా.

నిన్న ఆయనే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కాఫీ ఇస్తే పట్టుకోలేక కింద పెట్టాడు. వర్షిణిని కూడా పిలువు అన్నాడు. "ఆ పూట కింద పడింది నేనమ్మా. లేపినోడు వాడు" అన్నాడు.

వాడు నీకు చెప్పేస్తాడని భయపడి, వాడికంటే ముందు నేనే నీకు ఫోన్ చేశానన్నాడు. టి. నగర్‌లో కొట్టు కుర్రాళ్ల దగ్గర్నుంచి గుడి పూజారి దాకా అందరూ తెలిసినవాళ్లేనని, ఏళ్ల తరబడి వాషర్‌మెన్‌పేట్ వెళ్లి తాగేవాడట. ఇంత మద్రాసులో మీ ఇద్దరికీ దాక్కోవడానికి వేరే పేటే దొరకలేదా అన్నాను. ఏడుస్తూనే నవ్వాడు. నువ్వు నాకు చెప్పి ఉంటావని వారాల తరబడి ఎదురుచూశాడట. నా దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. వాడు నోరు విప్పలేదని అర్థమయ్యాక ఆ గదికి వెళ్లడానికి ధైర్యం వచ్చిందమ్మా అన్నాడు. పోయిన ఆదివారం లేచి పేరు చెప్పాడట. నా పేరు ఇంక నాదే, నా చెల్లెలికి నేనే చెప్పుకుంటానని నీకు చెప్పి వచ్చానన్నాడు.

ఫణీ, నాకు చాలా సిగ్గుగా ఉందిరా. నీ ఉత్తరాన్ని సీను అన్నాను.

అన్న వెళ్లాక వర్షిణి లోపలికి పోయి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. నాన్న తాగడం లేదని ఇప్పటికి నమ్మకం కుదిరిందా అని అడిగాను. "నన్ను తెచ్చుకోడానికి కూడా నాన్న ఆయన పేరు అమ్ముకోలేదత్తా. ఇంక నాకు అబద్ధం సెప్తాడని భయం లేదు. తాగితే తాగినానని సెప్తాడు. నాకది చాలు" అంది.

ఆదివారం మధ్యాహ్నం బండికి నేనూ అదీ బయల్దేరుతున్నాం. సాయంత్రం ఐదింటికి సెంట్రల్‌లో దిగుతాం. నువ్వు స్టేషన్‌కు రావద్దు. అది నీ మీటింగు వేళ, అక్కడ టీ పెట్టాల్సింది కూడా నువ్వేనట కదా. ఆటో మాట్లాడుకుని మేమే ఇంటికి వెళ్తాం. నిదానంగా ముగించుకుని రా. అన్నానికి నీకోసం కూర్చుంటానని వర్షిణి చెప్పమంది.

అక్క
మృణాళిని